మైదానమా, ఇల్లా? ఆటకు, సినిమాకు, పాటకు ఏది మేలు?

2025 అక్టోబరు 12, ఆదివారం. మహిళల ప్రపంచకప్‌లో భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్. విశాఖలో మన పోతినమల్లయ్యపాలెం స్టేడియంలోనే, మధ్యాహ్నం మూడింటికి. టికెట్లు ముందే కొని పెట్టాను. తీరా బయలుదేరే వేళకు మా అమ్మాయి గుమ్మంలో ఆగింది. "టీవీలో అయితే ప్రతి బంతీ దగ్గరగా కనిపిస్తుంది. ఈ ఎండలో అంత దూరం వెళ్లడమే మేలంటావా నాన్నా?" అని అడిగింది. "పదమ్మా, తిరిగి వచ్చేటప్పుడు చెబుతాను" అన్నాను. ఒక్క మాటలో తేలే ప్రశ్న కాదది. నలభై ఏళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆట, సినిమా, పాట. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ మూడింటిలో ఏదో ఒకటి లేకుండా నాకు రోజు గడవలేదు. మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. కంచరపాలెంలో రెండు గదుల ఇల్లు, గూట్లో ఒక రేడియో. 1983లో కపిల్ దేవ్ జట్టు ప్రపంచకప్ గెలిచిన రాత్రి ఆ రేడియో చుట్టూ సగం వీధి కూర్చుంది. నాకు తొమ్మిదేళ్లు. వ్యాఖ్యానం సగమే అర్థమైంది కానీ, పెద్దవాళ్లు ఒకరినొకరు కావలించుకోవడం మాత్రం బాగా అర్థమైంది. అప్పటి నుంచి వెళ్లి చూసినవి ఎన్నో, ఇంట్లో చూసినవి అంతకంటే ఎన్నో. ఇప్పుడు ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది మళ్లీ దొరుకుతుందా?

క్రికెట్టుతో మొదలుపెడతాను. ఇంట్లో చూడడమే మేలనేవారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. 2024 ఫిబ్రవరిలో ఇక్కడ ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టు రెండో రోజున బుమ్రా ఒక యార్కర్‌తో, అంటే సరిగ్గా కాళ్ల దగ్గర పడే బంతితో, వాళ్ల బ్యాటరు ఓలీ పోప్‌ను బౌల్డ్ చేశాడు. నేను పిచ్‌కు అడ్డంగా ఉన్న గ్యాలరీలో కూర్చున్నాను. బుమ్రా చేయి తిరిగింది, పోప్ కాళ్ల దగ్గర ఏదో జరిగింది, స్టంపులు లేచిపోయాయి. నేను చూసింది అంతే. ఆ బంతి గాలిలో ఎంత లోపలికి వంగిందో, పోప్ బ్యాటు ఎంత ఆలస్యంగా కిందికి దిగిందో రాత్రి ఇంటికి వచ్చి టీవీ పెట్టుకున్నాకే తెలిసింది. ఆ ఇన్నింగ్స్‌లో బుమ్రా 45 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. అందులో విద్య ఎంతో చూడాలంటే టీవీని మించింది లేదు. ఆట నేర్చుకునే పిల్లలకైతే నేను టీవీయే మేలంటాను.

అయితే టీవీ బంతి వెంటే పరుగెడుతుంది. బంతి లేని చోట జరిగే ఆట గ్యాలరీలో కూర్చున్నవాడికే దక్కుతుంది. అదే టెస్టులో మొదటి రోజు సాయంత్రానికి యశస్వి జైస్వాల్ 179 పరుగులతో నాటౌట్. మర్నాడు 209 దాకా వెళ్లాడు. అతను ఆడుతున్నంతసేపూ ఇంగ్లండ్ ఫీల్డర్లు ఒక్కొక్కరుగా బ్యాటరుకు దూరం జరిగి బౌండరీ దగ్గర చేరడం నేను పైనుంచి చూశాను. ఉదయం బిగించిన పిడికిలి సాయంత్రానికి విచ్చుకున్నట్లు ఉంది. పాత బంతితో బుమ్రా వచ్చేముందు మన ఫీల్డర్లు దానిని ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ, గాలిలో వంగాలని ఒకే వైపు తుడుస్తూ, అపురూపంగా చూసుకోవడమూ చూశాను. ఆ సమయంలో టీవీలో ప్రకటనలు వస్తుంటాయి.

అందుకే టెస్టు మ్యాచ్ విశాఖకు వస్తే సెలవు పెట్టి వెళ్లడమే నా లెక్క. మన స్టేడియంలో మొదటి టెస్టు 2016 నవంబరులో జరిగింది. విరాట్ కోహ్లీ ఒక ఇన్నింగ్స్‌లో 167, మరో దానిలో 81 కొట్టాడు. 2019లో దక్షిణాఫ్రికాపై రోహిత్ శర్మ టెస్టుల్లో తొలిసారి ఓపెనర్‌గా దిగి 176, 127 చేశాడు. ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. తొలిసారి ఓపెనర్‌గా నడిచి వస్తున్న మనిషి మొదటి పరుగు కోసం ఎదురుచూసిన గ్యాలరీ మాత్రం మళ్లీ దొరకదు.

యాభై ఓవర్ల ఆట దగ్గర తూకం కొంచెం కష్టం. 1994 నవంబరులో, పాత ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో వెస్టిండీస్‌పై సిద్ధూ 114 పరుగులతో అజేయంగా నిలిచాడు, మనం 4 పరుగుల తేడాతో గెలిచాం. బల్లలు లేని మెట్ల మీద మా నాన్నగారి పక్కన కూర్చుని చూశాను. ఇంటికి నడిచి వచ్చేదాకా ఆయన నా భుజం మీద చేయి తీయలేదు. 2005 ఏప్రిల్ 5న కొత్త స్టేడియంలో పాకిస్తాన్‌పై ధోనీ అనే జులపాల కుర్రవాడు 123 బంతుల్లో 148 కొట్టిన రోజునా అక్కడే ఉన్నాను. మూడో స్థానంలో అతను వస్తుంటే మా వరుసలో చాలామంది "ఎవరితను?" అన్నారు. సాయంత్రానికి ఆ ప్రశ్న దేశంలో ఎవరికీ మిగలలేదు. 2018లో వెస్టిండీస్‌తో మ్యాచ్‌లో ఆఖరి బంతికి వాళ్లకు ఐదు పరుగులు కావాలి. షై హోప్ ఫోరు కొట్టాడు. చెరో 321, టై. ఆనందించాలో బాధపడాలో తెలియక పాతిక వేల మంది ఒక్కసారిగా ఆగిపోయిన ఆ క్షణం ఏ మైకులోకీ ఎక్కదు.

రెండో పక్షమూ చెప్పాలి. 2023 మార్చి 19న ఆస్ట్రేలియాపై మనవాళ్లు 26 ఓవర్లలో 117కే ఆలౌట్. వాళ్లు 11 ఓవర్లలో, ఒక్క వికెట్టూ పోకుండా ముగించారు. రోజంతా గడపాలని ఇంటిల్లిపాదీ వెళ్లినవారు సగం ఆటతోనే తిరుగుముఖం పట్టారు. ఇంట్లో ఉంటే ఛానెల్ మార్చి ఊరుకునేవారు. మరోసారి నాకు పైకప్పు లేని చోట సీటు పడింది. నీడ కోసం ఎదురుచూడడంతోనే మొదటి ఇన్నింగ్స్ గడిచిపోయింది. విశాఖ ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధ. వయసు మళ్లినవారిని, చంటిపిల్లలను పగటి మ్యాచ్‌కు తీసుకువెళ్లవద్దని నా గట్టి మాట.

ఇరవై ఓవర్ల టీ20కి మాత్రం ఇల్లే. అక్కడ బంతికీ బంతికీ మధ్య లౌడ్‌స్పీకర్లో పాట మోగుతుంది, బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు చెవిన పడనివ్వదు. 2023 నవంబరులో ఆస్ట్రేలియాపై ఆఖరి బంతికి ఒక్క పరుగు కావాలి. రింకూ సింగ్ సిక్సర్ కొట్టాడు. అది నోబాల్, అంటే నియమం తప్పి వేసిన బంతి. దానికి దక్కే ఒక్క పరుగుతోనే గెలిచేశాం, సిక్సర్ లెక్కకు రాలేదు. ఇంట్లో ఉన్న నాకు ఇది వెంటనే తెలిసింది. మైదానంలో ఉన్న మా తమ్ముడు ఇంటికి వచ్చేదాకా సిక్సరుతోనే గెలిచామనుకున్నాడు.

ఇక సినిమా. మ్యాచ్ ఒకసారే జరుగుతుంది, సినిమా రేపూ ఉంటుంది, అదే బొమ్మ, అదే మాట. అలాంటప్పుడు ఇంట్లో చూస్తే పోయేది ఏమిటి? పోయేది చూసే జనం. సినిమా మారదు కానీ, దాన్ని చూసే హాలు ప్రతి ఆటకూ మారుతుంది. ఒక నాలుగు రోడ్ల కూడలినే సినిమా హాలు పేరుతో పిలుచుకునే ఊరు మనది. జగదాంబ అంటే విశాఖలో దిక్కు చెప్పే మాట. పెద్ద తెర మీద నటుడి పేరు పడగానే ఎగిరే కాగితం ముక్కలు, ఈలలు, బాల్కనీ అంచు మీద చేతులతో వేసే తాళం చూశాకే నాకు సినిమా అంటే ఏమిటో తెలిసింది. ఆ గోలలో మొదటి అరగంట మాటలు ఒక్కటీ వినబడవు. వాటికోసం రెండోసారి వెళ్లేవాళ్లం.

నవ్వించే సినిమాకు హాలే మేలు, ఇందులో నాకు సందేహమే లేదు. ఒక్కడే కూర్చుని చూస్తే చిరునవ్వుతో పోయే సన్నివేశం నాలుగు వందల మంది మధ్య కడుపు పట్టుకునేలా చేస్తుంది. నవ్వు పక్కవాడి నుంచి అంటుకుంటుంది. భయపెట్టే సినిమాదీ అదే దారి. మాటలు తక్కువగా, ముఖాల మీద నడిచే సినిమా అయితే మల్టీప్లెక్సులో పగటి ఆట మంచిది. జనం తక్కువ, కుర్చీ మెత్తన, ఎవరూ లేచి తిరగరు. ఈలలు కావాలంటే పాత హాలుకే వెళ్లాలి.

ఇంటికి ఉన్న బలం ఇంకోటి ఉంది, అది మా అమ్మను చూశాక తెలిసింది. ఆమెకు ఎనభై దాటాయి, మెట్లు ఎక్కలేదు. నలుపు తెలుపు సినిమా పెట్టి పక్కన కూర్చుంటాను. పది నిమిషాలకోసారి "ఆపు" అంటుంది. ఆపుతాను. ఆ సినిమాకు పెళ్లయిన కొత్తలో ఎవరెవరితో వెళ్లిందో, ఇంటర్వెల్‌లో నాన్నగారు ఏం కొనిపెట్టారో చెబుతుంది. రెండున్నర గంటల సినిమా నాలుగు గంటలు పడుతుంది. ఏ హాలూ అలా ఆగదు. కాబట్టి నా పద్ధతి ఇది: కొత్త సినిమా మొదటిసారి హాల్లో, పాత సినిమా ఇంట్లో. కొత్తదాన్ని మొదటిసారే ఫోనులో చూడడం మాత్రం నాకు మనసొప్పదు. వెడల్పాటి తెర కోసం తీసిన సముద్రం అరచేతిలో నీళ్లగుంటలా కనిపిస్తుంది.

పాట దగ్గరికి వచ్చేసరికి నా కొలత తిరగబడుతుంది. పాటను ఒక్కసారి వినాలని ఎవరూ వినరు. వందసార్లు విన్నాకే అది మనదవుతుంది. అందుకే సినిమా పాటకు ఇంటిని మించిన చోటు లేదు. పోలిక పెట్టాల్సింది రేడియో, క్యాసెట్, ఫోను మధ్యే. మా కాలంలో నచ్చిన పాటల జాబితా కాగితం మీద రాసి దుకాణంలో ఇచ్చేవాళ్లం, ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు అరగంట. ఒక వైపున ఆరేడు పాటలే పడతాయి, ఎనిమిదో పాటను వదులుకోవాలి. ఆ ఏరివేతలోనే మనకు ఏది ఎంత ఇష్టమో తేలేది. ఇప్పుడు ఫోనులో వదులుకోవాల్సిన అవసరం లేదు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదివిన పి.సుశీల గారు 17,695 పాటలు పాడినట్లు 2016లో గిన్నిస్ వారు నమోదు చేశారు. రోజుకు పది చొప్పున విన్నా అయిదేళ్లకు దగ్గర పడుతుంది. అంత నిధి జేబులోకి తెచ్చిన ఫోనుకు నేను రుణపడి ఉన్నాను.

అయినా వంటింట్లో రేడియో తీయనివ్వలేదు. ఫోను మనం అడిగింది ఇస్తుంది, రేడియో అడగనిది ఇస్తుంది. ఇరవై ఏళ్లుగా గుర్తుకు రాని పాట పోపు వేస్తుండగా వచ్చిందంటే, గరిట పట్టుకుని అలాగే నిలబడిపోతాం.

శాస్త్రీయ సంగీత కచేరీ వేరు. పిఠాపురం కాలనీలోని కళాభారతిలో కూర్చుంటే నాకు టెస్టు మ్యాచే గుర్తుకొస్తుంది. నెరవులో గాయకుడు ఒకే పంక్తిని పదే పదే పట్టుకుంటాడు, ఒకే చోట బంతులు వేసే బౌలరులాగా. ప్రతిసారీ కొంచెం మార్పు. నిన్న పాడిన కల్యాణి రాగాన్ని ఇవాళ అలాగే పాడడు. వయొలిన్ వాద్యకారుడు ఆ మలుపును అందుకుని తిప్పి ఇస్తుంటే ముందు వరుసలోవారి తలలన్నీ ఒకేసారి ఊగుతాయి. ఇంట్లో రికార్డు వింటున్నప్పుడు తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం లాంటి తాళవాద్యాలే మోగే ఘట్టం, వస్తే నేను కూడా ముందుకు జరిపేస్తాను, నిజం చెబుతున్నాను. అక్కడ మాత్రం పక్కనున్న పెద్దాయన తొడ మీద వేస్తున్న ఆది తాళాన్ని చూస్తూ ఒక్క దెబ్బ కూడా వదలకుండా వింటాను. కచేరీకి వెళ్లాల్సిందే.

ఆ ఆదివారం మ్యాచ్‌లో మనవాళ్లు 330 చేశారు. స్మృతి 80, ప్రతీకా 75. గెలుస్తామనే అనుకున్నాం. అలిసా హీలీ 142 కొట్టింది, ఆస్ట్రేలియా ఇంకో ఓవర్ మిగిలి ఉండగానే ఆ లక్ష్యాన్ని దాటేసింది. మా ముందు వరుసలో పదేళ్ల పిల్ల ఒకతె నీలం చొక్కాతో చివరిదాకా నిలబడే ఉంది. హీలీ అవుటై వెళ్తుంటే మా అమ్మాయి లేచి చప్పట్లు కొట్టింది, ఆ పిల్లా కొట్టింది. జనం మధ్య నెమ్మదిగా బయటికి వచ్చి, హైవే మీద బస్సు దొరికేసరికి పదకొండు దాటింది.

ఎండాడ దాటాక అమ్మాయి ఫోను తీసి, ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టింది. ఏ పాట కావాలని అడగలేదు. మద్దిలపాలెం వచ్చేదాకా ఇద్దరం ఒకే పాటను మూడుసార్లు విన్నాం. పొద్దున అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పమని తను అడగలేదు. దిగేటప్పుడు మాత్రం, "మళ్లీ టెస్టు పడితే అయిదు రోజులకూ టికెట్లు కొను నాన్నా" అంది.