మారేడుమిల్లి ఘాట్ రోడ్డు, మా కారు ఇన్సూరెన్సు

హైదరాబాద్ నుంచి భద్రాచలం, అక్కడి నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి, కిందికి దిగితే రాజమండ్రి. ఈ దారిలో సొంత కారులో వెళ్లాలనుకునేవాళ్లు రూములు బుక్ చేసుకునే ముందు ఇన్సూరెన్సు పాలసీ తీసి లోపలి పేజీలతో సహా చదవండి. చదివిన పుణ్యానే మా ఇంజిన్ దక్కింది. అదే కంపెనీ, దారిలో బండి ఆగిపోతే ఆదుకునే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పేరుతో చేసిన నిర్వాకం తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బయల్దేరే ముందు తీసి చూస్తే, పాలసీ గడువు శనివారం అర్ధరాత్రితో అయిపోతోంది. అప్పటికి మేం భద్రాచలంలో ఉంటాం. ఇన్సూరెన్సు లేని బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, 3 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అది చిన్న విషయం. ఎవరికైనా మన బండి తగిలితే పరిహారం మొత్తం మన నెత్తినే పడుతుంది. ముందే రెన్యూ చేసుకుంటే పాతది ముగిసిన క్షణం నుంచి కొత్తది మొదలవుతుంది. ఒక్క రోజు కూడా వృథా కాదు, క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్‌కీ ఢోకా ఉండదు. గడువు దాటి 90 రోజులు గడిస్తే ఆ బోనస్ పూర్తిగా పోతుంది.

రెన్యువల్ ఎలాగూ చేయాలి కాబట్టి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఒక్కొక్కటీ అడిగాను. ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల ప్రమాద బీమా అని పాలసీలో కనిపిస్తుంది. కారులో అందరికీ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. మా కారు నా పేరు మీద ఉంది, ఆ 15 లక్షలు నాకొక్కదానికే. వెనక సీట్లో అత్తయ్యకి, బాబుకి ఏమీ లేదు. మనిషికి 2 లక్షల చొప్పున ప్యాసింజర్ కవర్ వేయిస్తే ఐదు సీట్లకి 500, జీఎస్టీతో 590 రూపాయలు అయింది. జీరో డిప్రిసియేషన్ (పార్టులు పాతవని డబ్బు కోయకుండా ఇచ్చేది), ఇంజిన్ కవర్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కూడా కలిపితే మొత్తం 13,742. పోయినేడు 10,950 కట్టాం. మా ఆయన కాసేపు గొణిగారు. నేను కట్టేశాను. ఫోన్‌లో చెప్పినవన్నీ మెయిల్‌లో రాసి పంపమని కూడా అడిగాను. మీరూ అడగండి, ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మా తమ్ముడిది ఇంకో గొడవ. వాడి స్నేహితుడి దగ్గర ఏడు సీట్ల బండి ఉంది, రోజుకి 3,000 ఇస్తే చాలట. తెల్ల నంబర్ ప్లేటు బండి అది. ప్రైవేటు కారుని అద్దెకి తిప్పితే పాలసీ షరతు తప్పినట్టే, ఏదైనా అయితే క్లెయిమ్ తిప్పికొట్టడానికి అదొక్కటి చాలు. అద్దెకిచ్చే సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. ఇదంతా చెప్పి వద్దన్నాను. ఖమ్మం దాటేదాకా వాడు ముఖం మాడ్చుకునే కూర్చున్నాడు.

భద్రాచలం దర్శనం, పర్ణశాల హాయిగా జరిగిపోయాయి.

సోమవారం మధ్యాహ్నం చింతూరు దాటి ఘాట్ ఎక్కాం. ఒక మలుపులో లారీ ఎదురొస్తే మా ఆయన కారుని అంచుకి దించారు. గడ్డిలో ఉన్న రాయి కింద బలంగా తగిలింది. రోడ్డెక్కగానే మీటర్ మీద ఆయిల్ గుర్తు ఎర్రగా వెలిగింది. వెంటనే ఇంజిన్ ఆపించాను. దిగి చూస్తే ఇంజిన్ ఆయిల్ ఉండే చాంబర్ కింద వెంట్రుకవాసి చీలిక, అందులోంచి నల్లటి ఆయిల్ సన్నటి ధారగా తారు మీదికి కారుతోంది.

"మెల్లగా దిగిపోదాం అక్కా, మారేడుమిల్లి ఇంకో 15 కిలోమీటర్లేగా" అన్నాడు తమ్ముడు. ససేమిరా వద్దన్నాను. రాయి తగిలి చాంబర్ పగిలితే అది ప్రమాదం, కంపెనీ ఇస్తుంది. ఆయిల్ కారుతోందని తెలిసీ నడిపి ఇంజిన్ పట్టేస్తే, ఆ నష్టం మన చేతులారా చేసుకున్నదని అంటారు. ఇంజిన్ కవర్ ఉన్నా పేచీ తప్పదు. రాయికి, చీలికకి, నంబర్ ప్లేటుకి ఫొటోలు తీసి పెట్టుకున్నాం.

అక్కడ సిగ్నల్ లేదు. తమ్ముడు ఎవరిదో బైకు మీద మారేడుమిల్లి వెళ్లి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లకి ఫోన్ చేశాడు. అవతలి మనిషి హిందీలో లొకేషన్ పంపమంటాడు. సిగ్నల్ లేని చోట లొకేషన్ ఎలా వస్తుందంటే, దగ్గర్లో ల్యాండ్‌మార్క్ చెప్పమంటాడు. అడవి అంటే పిన్‌కోడ్ అడుగుతాడు. చివరికి 90 నిమిషాల్లో టోయింగ్ బండి వస్తుందన్నాడు. వచ్చింది మర్నాడు ఉదయం 8:40కి! జాతీయ రహదారి మీద ఆగిపోయినవాళ్లకైతే 1033 హెల్ప్‌లైన్ ఉంది. ఘాట్ రోడ్డులో మాకు దిక్కు ఈ కాల్ సెంటరే.

ఆ రాత్రి తమ్ముడు కారులోనే పడుకున్నాడు. మేం బస్సు పట్టుకుని మారేడుమిల్లి చేరాం. దొరికిన ఒక్క గదికి 2,600 తీసుకున్నారు. దుప్పట్లు తడి వాసన, గీజర్ ఉంది కానీ పనిచేయదు, మెట్లు ఎక్కలేక అత్తయ్య మోకాళ్లు పట్టుకుని మధ్యలోనే కూర్చుండిపోయారు. ఆ గదికి 800 కూడా దండగే. బొంగు చికెన్ మాత్రం బాగుంది, బాబు కడుపు నిండా తిన్నాడు.

టోయింగ్ బండి డ్రైవర్ రాగానే 7,500 అడిగాడు. మా రోడ్‌సైడ్ ప్లాన్‌లో 50 కిలోమీటర్లు ఉచితం, ఆపైన కిలోమీటర్‌కి 60. రాజమండ్రి షోరూముకి వంద కిలోమీటర్లు. లెక్క ప్రకారం 3,000 ఇస్తే చాలు. "ఘాట్ ఛార్జీ మేడమ్, రానుపోను" అన్నాడు. పీడీఎఫ్ తెరిచి చూపించాను, ఘాట్ అన్న మాటే అందులో లేదు. అప్పటికే కారు బండి మీదికి ఎక్కించేశాడు, వెనక అత్తయ్య ఎండలో నిలబడ్డారు. 5,000 యూపీఐలో కట్టి, బిల్లు రాయించుకున్నాను. అందులో 1,500 తర్వాత వెనక్కి వచ్చింది. ప్రమాదం తర్వాత కారుని షెడ్డుకి చేర్చే ఖర్చు కింద అంత ఇస్తారని మామూలు పాలసీలోనే ఒక లైను ఉంది, అది చూపించి రాబట్టాను.

రాజమండ్రి షోరూములో పనివాళ్లు బంగారం. నష్టం అంచనా వేసే సర్వేయర్ వీడియోలోనే చూసి సరే అన్నాడు. బిల్లు 14,680. మేం కట్టింది 3,940. 1500 సీసీ లోపు కార్లకి తప్పనిసరిగా మనం భరించాల్సిన 1,000, ఆయిలూ ఫిల్టరుకి 2,940. కన్స్యూమబుల్స్ కవర్ తీసుకుంటే ఆ 2,940 కూడా మిగిలేది. ఘాట్ రోడ్లకి వెళ్లేవాళ్లకి అది అవసరమే. అలాగే నడుపుకుంటూ వచ్చి ఉంటే ఇంజిన్‌కి లక్ష పైమాటేనని మెకానిక్ చెప్పాక తమ్ముడి ముఖం విచ్చుకుంది.

ఇక గది డబ్బులు. ఇంటికి వంద కిలోమీటర్ల అవతల కారు ఆగి, రిపేరు 24 గంటలు దాటితే హోటల్ ఖర్చు 2,000 దాకా ఇస్తామని ప్లాన్‌లో స్పష్టంగా ఉంది. అడిగితే, గది తామే బుక్ చేయాలట, మనం కట్టుకుంటే ఇవ్వరట. ఆ షరతు నా దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు, వాళ్లు పంపిన మెయిల్‌లోనూ లేదు. హోటల్ డబ్బుకీ, ఎక్కువ గుంజిన 2,000కీ కలిపి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను, బీమా నియంత్రణ సంస్థ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా పెట్టాను. నెలలోపు సరైన జవాబు రాకపోతే ఇలాంటి గొడవలు తీర్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తెలంగాణకీ ఆంధ్రాకీ కలిపి ఆఫీసు లకడీకాపూల్‌లోనే ఉంది. నెల ఈ శుక్రవారంతో నిండుతుంది. సోమవారం వెళ్తున్నాను. ఆ గది మెట్ల సంగతి తానే చెప్తానని అత్తయ్య కూడా బయల్దేరుతున్నారు.