ఇంగ్లండులో బడి గవర్నరుగా చేరదలచిన యువతకు ఏ దారి మేలు?

ఇంగ్లండులో ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి బడినీ ఒక పాలక మండలి పర్యవేక్షిస్తుంది. అందులో జీతం లేకుండా, స్వచ్ఛందంగా పనిచేసేవారే స్కూల్ గవర్నర్లు. 18 ఏళ్లు నిండి, ఆ బడిలో విద్యార్థి కాని వారు దాదాపు ఎవరైనా గవర్నరు కావచ్చు. తమ పిల్లలు అక్కడ చదువుతూ ఉండాలన్న నియమం లేదు. మన దేశంలో 2009 నాటి విద్యా హక్కు చట్టం చెప్పిన పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే కావాలి గనుక, ఇంకా పిల్లలు లేని ఇరవై అయిదేళ్ల వారికి అందులో చోటు దొరకడం అరుదు. ఇంగ్లండులో ఆ అవకాశం చట్టబద్ధంగానే ఉన్నా, గవర్నర్లలో ముప్పై ఏళ్ల లోపువారు చాలా తక్కువ. అక్కడ ఉద్యోగాల్లో స్థిరపడిన తెలుగు యువత ఈ పనిని గంభీరంగా ఆలోచించాలని నా కోరిక. అయితే అందరికీ ఒకే దారి సరిపోదు.

మొదటిది, స్థానిక ప్రభుత్వ ఆధ్వర్యంలోని బడి, అంటే మెయింటెయిన్డ్ స్కూలు, పాలక మండలిలో కో-ఆప్టెడ్ గవర్నరుగా చేరడం. మండలిలో కనీసం 7 గురు సభ్యులు ఉండాలి. తల్లిదండ్రుల ప్రతినిధులు, సిబ్బంది ప్రతినిధి, స్థానిక ప్రభుత్వ ప్రతినిధి, హెడ్ టీచరు పోగా, మిగిలిన స్థానాల్లో తమకు అవసరమైన నైపుణ్యం ఉన్నవారిని మండలి తానే ఎంచుకుంటుంది. లెక్కలు తెలిసినవారికి, సమాచార విశ్లేషణ చేయగలవారికి, మానవ వనరుల విభాగంలో పనిచేసినవారికి పిలుపు వచ్చేది ఇక్కడే. బడి ఏ దిశగా సాగాలో నిర్ణయించడం, హెడ్ టీచరును జవాబుదారీగా ఉంచడం, డబ్బు సద్వినియోగం అవుతున్నదో లేదో చూడటం మండలి ప్రధాన బాధ్యతలు. ఆ బల్ల దగ్గర ఇరవై రెండేళ్ల గవర్నరు ఓటుకూ అరవై ఏళ్ల గవర్నరు ఓటుకూ విలువ ఒక్కటే. పదవీకాలం సాధారణంగా 4 సంవత్సరాలు. ఉద్యోగరీత్యా ఊరు మారవలసి వస్తే రాతపూర్వకంగా తెలిపి తప్పుకోవచ్చు కాబట్టి, ఆ కాలపరిమితిని చూసి వెనకాడవలసిన పని లేదు. పైగా మెయింటెయిన్డ్ స్కూలు గవర్నరు తన విధుల కోసం సమంజసమైన మేరకు సెలవు కోరే హక్కు 1996 నాటి ఉపాధి హక్కుల చట్టంలో ఉంది; ఆ సమయానికి జీతం ఇవ్వడం మాత్రం యజమాని ఇష్టం.

ఈ పదవిలోని అసలు బరువు సమావేశాల సంఖ్యలో కనిపించదు. ఏడాదికి కనీసం మూడు సమావేశాలు జరగాలని నిబంధన. ఉపసంఘాలతో కలిపి అంతకన్నా ఎక్కువే ఉంటాయి. ప్రతి సమావేశానికీ వారం ముందే వచ్చే నివేదికలను, బడ్జెట్ పట్టికలను, పిల్లల ఫలితాలను శ్రద్ధగా చదవాలి. అన్నిటికన్నా కఠినమైనది, ఒక విద్యార్థిని శాశ్వతంగా బడి నుంచి తొలగించాలని హెడ్ టీచరు నిర్ణయించినప్పుడు గవర్నర్ల ప్యానెల్‌లో కూర్చోవడం. 15 బడి దినాల లోపు ఆ ప్యానెల్ తల్లిదండ్రుల వాదన విని, బిడ్డను తిరిగి చేర్చుకోవాలా వద్దా తేల్చాలి. తరగతి గదిని విడిచి ఎన్నో ఏళ్లు గడవని మనిషి ఆ ప్యానెల్‌లో ఒక్కరైనా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. పదిహేనేళ్ల పిల్లవాడు ఏ ఒత్తిడిలో ఏం చేశాడో అడిగే తీరు, వినే తీరు వయసును బట్టి మారుతాయి.

రెండవది, అకాడమీ ట్రస్టు కింద ఉన్న బడిలో స్థానిక గవర్నింగ్ బాడీ సభ్యత్వం. అకాడమీ అంటే ప్రభుత్వ నిధులతోనే నడిచినా, స్థానిక ప్రభుత్వం కింద కాక ఒక ట్రస్టు ఆధ్వర్యంలో ఉండే బడి. 2010 చట్టం తరువాత అకాడమీలు వేగంగా పెరిగి, నేడు సెకండరీ బడుల్లో అత్యధికం అవే. ఇక్కడ చట్టపరమైన అధికారం ట్రస్టీల బోర్డుది. ఒక్కో ట్రస్టు కింద పదుల కొద్దీ బడులు ఉండవచ్చు. స్థానిక మండలికి ఏ అధికారం దక్కుతుందన్నది ట్రస్టు రాసుకున్న అధికారాల అప్పగింత పత్రాన్ని బట్టి ఉంటుంది. కొన్ని ట్రస్టులు స్థానిక మండలికి నిజమైన పని అప్పగిస్తాయి; మరికొన్నిటిలో బడ్జెట్, హెడ్ టీచరు నియామకం పైస్థాయిలోనే తేలిపోయి, కిందివారికి సలహా చెప్పడమే మిగులుతుంది. ఆ పత్రం చదవకుండా ఒప్పుకున్న యువకుడు ఏడాది తిరగకముందే నిరాశపడతాడు. నేరుగా ట్రస్టీ కావడం మరో మాట: ట్రస్టీ చట్టరీత్యా కంపెనీ డైరెక్టరు, ధర్మసంస్థ ధర్మకర్త కూడా. ఆర్థిక నివేదికలు చదవడంలో అనుభవం లేనివారికి తొలి అడుగుగా దాన్ని నేను సూచించను.

మూడవది, అసోసియేట్ మెంబరు. సమావేశాలకు రావచ్చు, ఉపసంఘాల్లో పనిచేయవచ్చు. మండలి అనుమతిస్తే ఉపసంఘంలో ఓటు వేయవచ్చు గానీ పూర్తి మండలిలో ఓటు లేదు. 18 నిండని విద్యార్థులను కూడా ఇలా తీసుకోవచ్చు, వారికి మాత్రం ఓటు విషయంలో పరిమితులు ఉంటాయి. వేల్స్‌లో సెకండరీ బడి విద్యార్థి మండలి పై తరగతుల నుంచి ఇద్దరిని అసోసియేట్ ప్యూపిల్ గవర్నర్లుగా సూచించే ఏర్పాటు ఉంది. విద్యార్థులకు ఇది మంచి ఆరంభం. ఉద్యోగంలో ఉన్న యువతకు ఒక ఏడాది పని నేర్చుకోవడానికి పనికి వస్తుంది, ఆపైన అక్కడే ఉండిపోవడం వృథా.

పాలనతో సంబంధం లేకుండా వారానికి ఒక గంట చిన్న పిల్లల పక్కన కూర్చుని చదివించే స్వచ్ఛంద సేవ నాలుగవ దారి. నివేదికలు చదివే తీరిక, ఓపిక లేనివారు నిస్సంకోచంగా దీన్నే ఎంచుకోవాలి; ఒక బిడ్డకు చదవడం వస్తే అది కళ్లెదుటే కనిపిస్తుంది, కాగితాలు చదవకుండా వచ్చే గవర్నరు వల్ల ఎవరికీ మేలు లేదు.

సాయంత్రాలు కొన్ని కేటాయించగల వారికి నా ఓటు మెయింటెయిన్డ్ ప్రైమరీ బడికే. అక్కడ మండలి చిన్నది, అధికారం నిజమైనది, వేసిన ప్రశ్న ఫలితం అదే విద్యా సంవత్సరంలో చూడవచ్చు. గవర్నర్స్ ఫర్ స్కూల్స్ అనే ధర్మసంస్థ ఖాళీలున్న బడులతో స్వచ్ఛంద సేవకులను ఉచితంగా కలుపుతుంది. సమీపంలోని బడికి నేరుగా రాసినా మంచిదే. ఒప్పుకునే ముందు గత ఏడాది సమావేశాల మినిట్స్, అంటే చర్చలను నమోదు చేసిన పత్రాలు, అడిగి చదవండి. ఆమోదం పొందిన మినిట్స్‌ను ఆసక్తి ఉన్నవారికి చూపడం ఆ మండలి బాధ్యత. గవర్నర్లు వేసిన ప్రశ్నలు, హెడ్ టీచరు ఇచ్చిన జవాబులు వాటిలో వివరంగా నమోదై ఉంటే చేరండి. ప్రతి అంశం కిందా నివేదికను స్వీకరించినట్లు మాత్రమే రాసి ఉంటే, మండలి అధ్యక్షుడిని లేదా అధ్యక్షురాలిని (ఛైర్) కలిసి కారణం అడిగిన తరువాతే నిర్ణయం తీసుకోండి.