పందెం మొదలయ్యే క్షణం తెలియని గడియారం: చాలాకాలం వాడిన తర్వాత ఒక ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌పై సమీక్ష

బ్రిటన్‌లో ఉద్యోగం చేసిన సంవత్సరాలలో, గుర్రప్పందెం మొదలుకాకముందే ఎక్స్ఛేంజీలో (పందెం కాసేవారు ఒకరితో ఒకరు పందెం కట్టుకునే ఆన్‌లైన్ వేదికలో) ధరల కదలికల మీద ట్రేడింగ్ చేసేవారికోసం తయారైన ఒక సాఫ్ట్‌వేర్‌ను నేను చాలాకాలం వాడాను. ఆదోనికి తిరిగి వచ్చాక, బ్రిటన్‌లో చదువుకుంటున్న మన కర్నూలు జిల్లా పిల్లలు కొందరు దాన్ని కొనవచ్చునా అని అడుగుతున్నందువల్ల ఇది రాస్తున్నాను. బ్యాక్ (గుర్రం గెలుస్తుందని కాయడం), లే (గెలవదని కాయడం), కమిషన్ వంటివి వారికి తెలిసినవే కనుక వాటి లోతుకు పోను. నా ఫిర్యాదంతా ఒకే ఒక్క సౌకర్యం మీద: పందేనికి ఇన్ని సెకన్ల ముందు మన లావాదేవీని దానంతట అదే మూసివేసే గడియారం మీద.

ఈ పనిలో ఏ గుర్రం గెలుస్తుందన్నదానితో మనకు నిమిత్తం లేదు. 5.0 ధర వద్ద (అంటే గెలిస్తే కాసిన మొత్తానికి ఐదు రెట్లు తిరిగివచ్చే లెక్కన) బ్యాక్ చేసిన గుర్రం ధర 4.5కు దిగితే అక్కడ లే చేసి, వచ్చిన తేడాను అన్ని గుర్రాల మీదా సమంగా పంచుకొని, పరుగు మొదలయ్యేలోపు బయటపడాలి. బయటపడలేకపోతే చేతిలో మిగిలేది మామూలు పందెం. మార్కెట్లోకి వచ్చే డబ్బులో పెద్ద భాగం చివరి పది నిమిషాలలోనే వస్తుంది కనుక, మంచి కదలికలు కూడా సరిగ్గా ప్రమాదం దగ్గరపడినప్పుడే కనిపిస్తాయి. అందుకే మూసివేసే సౌకర్యం కచ్చితంగా ఉండాలని నేను అంతగా పట్టుపడుతున్నాను.

ఆ గడియారం లెక్కపెట్టేది పట్టికలో అచ్చయిన సమయానికి. పరుగు మాత్రం స్టార్టరు చేతిలో ఉంటుంది. ఫ్లాట్ పందేలలో (దూకే అడ్డంకులు లేనివి) గుర్రాలను ఒక్కొక్కటిగా స్టాళ్లలోకి, అంటే పరుగు మొదలయ్యే చోటి గేట్ల అరలలోకి, ఎక్కించాలి. ఒకటి మొరాయిస్తే మిగిలినవన్నీ ఆగుతాయి. జంప్ పందేలలో (అడ్డంకులు దూకుతూ పరుగెత్తేవి) స్టాళ్లే ఉండవు. గుర్రాలు గుండ్రంగా తిరుగుతుండగా జీను పట్టీలు సరిచూస్తారు, వరుస కుదిరిందనిపించిన క్షణంలో టేపు ఎగురుతుంది. మా నాన్నగారు ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమిషన్ వ్యాపారం చేసేవారు. అక్కడ టెండరుకు గడువు ప్రకటిస్తే ఆ వేళకే ముగిసేది, ఆ నమ్మకం మీదే అందరూ తమ ధర తేల్చుకునేవారు. ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు గుర్రప్పందేనికి కూడా అటువంటి గడువు ఉంటుందని అనుకున్నట్టున్నారు.

ఒక శనివారం ఫ్లాట్ పందెంలో జరిగినది వివరంగా చెబుతాను. 50 పౌండ్లతో 5.0 వద్ద బ్యాక్ చేశాను. అచ్చయిన సమయానికి అర నిమిషం ముందు మూసివేయమని గడియారానికి ముందే చెప్పి ఉంచాను. ఆ వేళకు గుర్రాలింకా స్టాళ్ల వెనుకే తిరుగుతున్నాయి, ఒకదాని నాడా ఊడిపోవడంతో కొత్తది కొట్టించే పని జరుగుతోంది. వేచిచూస్తున్నవారి డబ్బు పలచబడి ధర పైకి జారింది. అవేవీ పట్టని గడియారం తన వేళ కాగానే 5.5 వద్ద లే చేసి, ఏ గుర్రం గెలిచినా సుమారు నాలుగున్నర పౌండ్ల నష్టం వచ్చేలా నా లావాదేవీని ముగించింది. ఆ తర్వాత చాలాసేపటికి గాని పందెం మొదలుకాలేదు. ఈలోగా అదే గుర్రం మీదికి డబ్బు వెల్లువగా వచ్చి ధర 4.4కు దిగింది. అక్కడ మూసి ఉంటే దాదాపు ఏడు పౌండ్ల లాభం వచ్చి ఉండేది. మొత్తం చిన్నదే కావచ్చు. ట్రేడింగ్‌లో ఒక్కొక్క లాభం కూడా అంతే చిన్నది కనుక, అటువంటి దెబ్బ ఒకటి తగిలితే ఆ మధ్యాహ్నపు శ్రమంతా తుడిచిపెట్టుకుపోతుంది.

గడియారాన్ని ఆపి చేత్తో మూసుకుందామంటే మరో చిక్కు ఉంది. ఒక జంప్ పందెం అచ్చయిన వేళకే మొదలైంది. పరుగు మొదలవగానే ఎక్స్ఛేంజీ మార్కెట్‌ను ఒక్క క్షణం నిలిపి, ఉంచమని ముందే చెప్పని ఆర్డర్లలో మ్యాచ్ కానివాటిని (ఎదుటి పక్షం దొరకనివాటిని) రద్దు చేస్తుంది. నా లే ఆర్డరు అలాగే పోయింది. ఆ తర్వాత పెట్టే ఆర్డర్లు కొంత ఆలస్యంగా స్వీకరిస్తారు, ధరలేమో కళ్లెదుటే దూకుతుంటాయి. గుర్రం ఓడిపోయింది, 50 పౌండ్లూ పోయాయి. టీవీ చూస్తూ మూయవచ్చు కదా అంటారేమో, ఆ బొమ్మ కూడా కొన్ని సెకన్లు పాతది. ఈ విషయం తయారీదారులకు రాస్తే, సమయం తమకు ఎక్స్ఛేంజీ పట్టిక నుంచే వస్తుందని సమాధానం ఇచ్చారు. అది నిజమే, కాని స్టాళ్లలోకి ఎక్కించడం మొదలైందని మనం ఒక మీట నొక్కితే అప్పటినుంచి లెక్కపెట్టే వీలైనా కల్పించవచ్చు కదా.

దీని ల్యాడర్ తెరను (ధరలను నిచ్చెన మెట్లలా చూపేదాన్ని) గురించి నేను గతంలో స్నేహితుల దగ్గర చాలా గొప్పగా చెప్పాను. ఒక్క నొక్కుతో ఆర్డరు వెళ్లడం ఇప్పటికీ నాకు ఇష్టమే. అయితే ఆ మెప్పు చెల్టెన్‌హామ్, రాయల్ ఆస్కాట్ వంటి పెద్ద సమావేశాలకే సరిపోతుంది. శీతాకాలపు సాయంత్రాలలో వుల్వర్‌హాంప్టన్ పందేలకు డబ్బు పలచగా ఉన్నప్పుడు, తెర మీద పెద్ద అంకెగా కనిపించిన మొత్తం మన ఆర్డరు చేరేలోపు మాయమవుతుంది. అప్పుడు ఎంత వేగంగా నొక్కినా ఫలం ఉండదు.

ఇక్కడున్నవారు దీని గురించి ఆలోచించనక్కరలేదు: ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. బ్రిటన్‌లో ఉన్న పిల్లలకు నా అభిప్రాయం షరతులతో కూడినది. నాకు రాత్రి డ్యూటీలు కావడం వల్ల శనివారం మధ్యాహ్నాలే దొరికేవి, నిద్ర చాలని కళ్లతో తెర ముందు కూర్చునేవాణ్ణి. అటువంటివారికే తనంతట తాను మూసే సౌకర్యం ఎక్కువ అవసరం, అదే ఇందులో లోపించింది. తీరిక ఉండి, ఫ్లాట్ పందేలకే పరిమితమై, స్టాళ్లను చూస్తూ చేత్తో మూసుకోగలవారికి చందా గిట్టవచ్చు. ఫీజులకు దాచిన డబ్బుతో మాత్రం వద్దు. జంప్ పందేలకోసమైతే, ఆ గడియారం మారేవరకు కొనమని నేను చెప్పను.