బ్లూ స్కర్ట్ వాల్ట్జ్ కోసం హౌటన్ దాకా

మోటెల్ సంగతి ముందు చెప్పేస్తే తప్ప పాటల దగ్గరకు నేను ప్రశాంతంగా రాలేను.

జనవరి ఆఖరి వారంలో నేను, మా ఆవిడ, అమ్మాయి, అల్లుడుగారు షికాగో శివార్లలోని నేపర్‌విల్ నుంచి హౌటన్‌కు కారులో వెళ్లాము. అది మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవినా ద్వీపకల్పంలో ఉన్న చిన్న ఊరు. మా అబ్బాయి అక్కడి మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగులో ఎం.ఎస్. చదువుతున్నాడు. "నాన్నా, ఇక్కడి ఐస్ హాకీకి ఒకసారి రావాలి, ఆట కోసం కాదు, బ్యాండు కోసం" అని ఏడాదిన్నరగా ఫోనులో చెబుతూనే ఉన్నాడు. సుమారు 420 మైళ్ల దారి ఎనిమిదిన్నర గంటల్లో ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది.

ఇబ్బంది దిగిన తరువాత మొదలయింది. అల్లుడుగారు నెల ముందే ఆన్‌లైనులో రెండు గదులు, మూడు రాత్రులకు, గదికి రాత్రికి 109 డాలర్ల చొప్పున ఖాయం చేశారు. కౌంటరు దగ్గరి మనిషి మా కాగితం చూసి, ఇది హాకీ వారాంతం కనుక ధర 149 డాలర్లని, 109 అన్నది వేరే రకం గదికని, ఆ రకం గదులు ఇప్పుడు లేవని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. బయట మంచు కురుస్తోంది, రాత్రి తొమ్మిది దాటింది, కారులో మోకాళ్లు పట్టేసిన మా ఆవిడ ఉంది. ఇలాంటి వేళ మనిషి బేరమాడలేడని అతనికి తెలుసు. అదనంగా 240 డాలర్లు, గదికి 100 చొప్పున తిరిగి ఇచ్చే పూచీ సొమ్ము కట్టి తాళాలు తీసుకున్నాము. గదిలో అంతకుముందు బస చేసినవారి సిగరెట్టు కంపు దుప్పట్లకు పట్టి ఉంది. కిటికీ కింది హీటరు రాత్రంతా రైలింజనులా రొప్పింది. "ఉదయపు ఫలహారం ఉచితం" అన్న మాటకు అర్థం ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన రెండు మఫిన్లు. "హాకీ అరీనాకు పది నిమిషాల నడక" అని వాళ్ల ప్రకటనలో ఉంది. మరునాడు మంచులో అల్లుడుగారూ నేనూ నడిచి చూస్తే ముప్పై అయిదు నిమిషాలు పట్టింది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది పులిహోర. మా ఆవిడ నేపర్‌విల్‌లో చేసి రెండు డబ్బాల్లో తెచ్చిన పులిహోరను శుక్రవారం మధ్యాహ్నం గదిలోని మైక్రోవేవులో, వాళ్లు మా వాడకానికే పెట్టిన మైక్రోవేవులో, వేడి చేసింది. ఆదివారం గది ఖాళీ చేసేటప్పుడు "వంట వాసన" పేరుతో పూచీ సొమ్ములోంచి 35 డాలర్లు మినహాయిస్తున్నట్టు కాగితం చేతికిచ్చారు. సిగరెట్టు కంపుకు మాకు ఎవరు ఎంత ఇస్తారని అమ్మాయి అడిగింది. జవాబు రాలేదు.

ఇక పాటలు.

నేను విజయనగరంలో పెరిగినవాణ్ణి. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ బ్యాండులో మూడేళ్లు క్లారినెట్ వాయించాను. మా ఆవిడ అక్కడి మహారాజా సంగీత కళాశాలలో నాలుగేళ్లు గాత్రం నేర్చుకుంది. అందువల్ల మాకు హాకీ తెలియకపోయినా తాళం తెలుసు. డిసెంబరులో ఒక పెద్ద నగరంలో వృత్తి జట్ల హాకీకి వెళ్లి, టిక్కెట్టు ఒక్కొక్కటి 96 డాలర్లు, కారు నిలిపినందుకు 40 డాలర్లు పోసి, రెండున్నర గంటలపాటు లౌడ్‌స్పీకర్లలో రికార్డు పాటలూ ప్రకటనలూ విని, చెవుల్లో దూది పెట్టుకుని తిరిగి వచ్చాము. ఆ అనుభవంతో మా ఆవిడ హౌటన్ అరీనాకు వెళ్లే ముందే "ఏవండీ, ఒక్క గంట కూర్చుని వచ్చేద్దాం" అని మాట తీసుకుంది. ఈసారి టిక్కెట్టు ధర ఎంతో అబ్బాయి చెప్పలేదు. చెబితే నేను వెంటనే రూపాయల్లోకి మారుస్తానని వాడి భయం.

మిషిగన్ టెక్ జట్టు ఆడేది మాకిన్నిస్ ఐస్ అరీనాలో. 1956 నుంచి 1982 దాకా జట్టుకు శిక్షకుడిగా ఉండి, 1962, 1965, 1975లలో జాతీయ ఛాంపియన్లుగా నిలిపిన జాన్ మాకిన్నిస్ పేరు దానికి పెట్టారు. నాలుగు వేలమందికి పైగా పట్టే ఆ హాలులో ఒక పక్కన నలుపు, బంగారు రంగు చారల ఓవరాల్స్ తొడుక్కుని, నెత్తిన తోచిన టోపీలు పెట్టుకున్న ఒక పెద్ద గుంపు కనిపించింది. అదే హస్కీస్ పెప్ బ్యాండు, ఆటల్లో జనాన్ని హుషారెక్కించే విద్యార్థుల మేళం. తమను తాము "పాస్టీల దేశపు గర్వకారణం" అని చెప్పుకుంటారు. పాస్టీ అంటే ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన రాగిగని కార్మికులు తెచ్చిన తిండి: మన కజ్జికాయను అరచేయి దాటేంత పెద్దది చేసి, లోపల కొబ్బరికి బదులు మాంసమూ బంగాళాదుంపా రుటబాగా దుంపా కూరి కాల్చినట్టుంటుంది. మాంసం లేనిది 9 డాలర్లకు దొరికింది. దాని మీద కెచప్ వేయాలా గ్రేవీ పోయాలా అన్న విషయంలో అక్కడివాళ్లు ఆవకాయలో వెల్లుల్లి ఉండాలా వద్దా అన్నంత గట్టిగా వాదించుకుంటారు. నేను ఆవకాయే వేసుకున్నాను.

బ్యాండులో ఎక్కువమంది ఇంజనీరింగు విద్యార్థులే. పొద్దున థర్మోడైనమిక్స్ పరీక్ష రాసి, సాయంత్రం సూసాఫోన్ అనే పెద్ద ఇత్తడి బాకా భుజాన వేసుకుని వస్తారని అబ్బాయి చెప్పాడు. మొదటి పది నిమిషాలు నా చెవికి ఒక లోపం తగిలింది: శ్రుతి కాస్త దిగి ఉంది, ముఖ్యంగా క్లారినెట్లు. తరువాత కారణం తట్టింది. మంచు గడ్డ పక్కన వాద్యంలోపలి గాలి చల్లబడుతుంది, చల్లటి గాలిలో ధ్వని వేగం తగ్గుతుంది, శ్రుతి జారుతుంది. చెక్క క్లారినెట్ అయితే ఆ చలికి పగిలే ప్రమాదం కూడా ఉంటుంది కనుక ఇలాంటి చోట ప్లాస్టిక్‌వి వాడడం మంచిది. పల్లవి నడుమ వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటున్న ఆ పిల్లలను చూశాక, దిగిన శ్రుతిని గురించి మాట్లాడడం మానేశాను.

వాళ్ల అసలు నేర్పు మరోచోట ఉంది. పక్, అంటే బంతికి బదులు ఆడే రబ్బరు బిళ్ల, కదులుతూ ఆట సాగుతున్నంతసేపూ బ్యాండు వాయించకూడదన్నది కాలేజీ హాకీ నియమం. రిఫరీ ఈల వేసి ఆట ఆగిన క్షణం నుంచి, ఆటగాళ్లు మళ్లీ వలయం చుట్టూ చేరి పక్ కింద పడే క్షణం దాకా దొరికే అర నిమిషంలోనే పాట అందుకోవాలి, జనాన్ని లేపాలి, తెగినట్టు అనిపించకుండా ఆపాలి. మన పెళ్లిళ్లలో సన్నాయి విద్వాంసుడు ఏ కీర్తన చరణంలో ఉన్నా, పురోహితుడి వేలు పైకి లేచేసరికి దాన్ని అక్కడే వదిలి గట్టిమేళం ఎత్తుకుంటాడు చూడండి, ఒక కన్ను ఎప్పుడూ పీటల మీదే ఉంటుంది. సరిగ్గా ఆ చూపుతోనే ఇక్కడ ముందు నిలబడి చేయి ఊపేవారు మంచు మీదికి చూస్తూ ఉంటారు. పందొమ్మిది వందల అరవైలూ డెబ్బయిల నాటి రాక్ పాటల ముక్కలు, రెండు వరుసల డ్రమ్ము, ఒక్క ట్రంపెట్ కేక, ఇలా ఏది ఎంత కాలానికి సరిపోతుందో కొలిచి పెట్టుకున్నట్టే వచ్చాయి. మా ఆవిడ గడియారం చూసుకోవడం అక్కడ ఆగింది.

అల్లుడుగారికి మాత్రం ముఖం చిన్నబోయింది. ఆయన ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ 1923లో కట్టిన, ఇప్పుడు హాకీ ఆడే యోస్ట్ హాలులో తమ బ్యాండు "ది విక్టర్స్" ఎత్తుకుంటే గోడలు కదులుతాయని, 1898లో లూయీ ఎల్బెల్ అనే విద్యార్థి రాసిన ఆ పాటకు సాటి మరొకటి లేదని దారి పొడుగునా చెబుతూ వచ్చారు. ఆయనతో అక్కడ వాదించలేదు కాని, నా అభిప్రాయం ఇక్కడ రాస్తాను. "ది విక్టర్స్" గొప్ప కవాతు పాట. మైదానంలో వందలమంది కాళ్లు కదుపుతూ వాయించడానికి పుట్టినది. మంచు హాలులో, అర నిమిషపు విరామంలో, దాని మొదటి నాలుగు వరుసలు తప్ప మిగిలినది వినబడదు. గెలిచినప్పుడు నిండుగా ఉంటుంది, ఓడుతున్నప్పుడు ఎలా వాయించాలో దానికి తెలియదు. టెక్ బ్యాండు పాటలకు గెలుపుతో పని లేదు.

అందుకు మొదటి సాక్ష్యం "ఇన్ హెవెన్ దేర్ ఈజ్ నో బీర్". 1956లో ఒక జర్మన్ సినిమా కోసం పుట్టి, అమెరికాలో పోల్కా అనే నాట్యసంగీతపు మేళాల చేతుల్లో పడిన ఈ పాటను మిషిగన్ టెక్‌లో "కాపర్ కంట్రీ గీతం" అని, అంటే ఈ రాగి గనుల సీమ గీతమని, పిలుస్తారు. స్వర్గంలో బీరు దొరకదు కాబట్టి ఇక్కడే తాగేద్దాం అన్నది దాని సారాంశం. సూసాఫోన్ మొదటి దెబ్బ, మిగిలిన ఇత్తడి రెండో దెబ్బ, ఇలా రెండేసి దెబ్బల నడకలో అది సాగుతుంటే మనవలను ఒళ్లో కూర్చోబెట్టుకున్న ముసలివాళ్లు కూడా గొంతు కలిపారు. అర్థం తెలిసి మా ఆవిడ విస్తుపోయింది. ఆలోచిస్తే ఈ పాట మనకు పుట్టే అవకాశమే లేదు: మన స్వర్గంలో సురకు కొదవ లేదు, అమృతం సరేసరి, పైగా దేవేంద్రుడి సభలో రంభ నాట్యం కూడా ఉంది. తొందరపడి భూమి మీద తాగవలసిన అగత్యం మనకు లేదని నేనంటే అబ్బాయి నవ్వి, వాళ్ల అమ్మ వైపు చూసి ఆపుకున్నాడు.

రెండో సాక్ష్యం కోసమే అబ్బాయి మమ్మల్ని పిలిచాడు. ఇరవయ్యేసి నిమిషాల మూడు భాగాల్లో రెండోది ముగిసి విరామం వచ్చింది. అల్లుడుగారు పాప్‌కార్న్ కోసం లేచారు. "బావగారూ, ఇప్పుడు వద్దు" అని అబ్బాయి బతిమాలాడు. ఆయన వినలేదు, టెక్ బ్యాండును మేమంతా మెచ్చుకుంటున్నామన్న ఉక్రోషం ఇంకా ఉన్నట్టుంది. ఆయన మెట్లెక్కిన కాసేపటికి బ్యాండు "బ్లూ స్కర్ట్ వాల్ట్జ్" ఎత్తుకుంది.

వాల్ట్జ్ అంటే మూడేసి దెబ్బల నడకలో సాగే నాట్యగీతం. దీని బాణీ వాత్స్లావ్ బ్లాహా అనే చెక్ స్వరకర్తది, ఇంగ్లీషు మాటలు మిచెల్ పారిష్‌వి. 1949లో దేశమంతటా దీన్ని మారుమోగించినవాడు స్లొవీనియా వలస కుటుంబంలో పుట్టిన అకార్డియన్ వాద్యకారుడు ఫ్రాంకీ యాంకోవిక్. పోల్కాకు 1986లో మొదటిసారి గ్రామీ ఇచ్చినప్పుడు అది ఆయనకే దక్కింది. హౌటన్ చుట్టుపక్కల రాగి గనుల్లోకి ఫిన్లండు, ఇటలీ, క్రొయేషియా, స్లొవీనియాల నుంచి జనం వచ్చి స్థిరపడ్డారు. గనులు మూతపడి దశాబ్దాలు గడిచాయి. ఆ తాతల పెళ్లిళ్లలో మోగిన తరహా పాటను, గని ముఖం చూడని కుర్రవాళ్లు, మాలాంటి ఎక్కడివాళ్ల మధ్యనో కూర్చుని వాయిస్తున్నారు.

ఒక్కసారిగా హాలులో జనం పక్కవాళ్ల చేతుల్లో చేతులు వేసుకుని వరుసలకు వరుసలు ఎడమకూ కుడికీ ఊగడం మొదలుపెట్టారు. నా పక్కనున్న పెద్దమనిషి నా మోచేతిలో చేయి దూర్చాడు. మా ఆవిడ పక్కన ఇరవయ్యేళ్ల కుర్రాడు చేయి చాపితే ఆవిడ శాలువా సర్దుకుని, చిరునవ్వు నవ్వి, చేయి మాత్రం ఇవ్వలేదు. అయితే నేను గమనించాను: శాలువా కింద కుడిచేయి మోకాలి మీద తిశ్రం, అంటే మూడేసి దెబ్బల నడక, వేస్తోంది. తకిట, తకిట, తకిట. ఒక దెబ్బకు బరువు, రెండింటికి తేలిక. బ్యాండు నడక కొంచెం లాగితే ఆవిడ వేళ్లు కూడా లాగాయి. పాట అయిపోయాక "చరణం రెండోసారి వచ్చినప్పుడు కాలం జారింది" అంది. అంతకు మించిన మెప్పు ఆవిడ నోట నేను ముప్పై ఏడేళ్లలో రెండుసార్లు విన్నాను.

అల్లుడుగారు 14 డాలర్ల పాప్‌కార్న్‌తో తిరిగివచ్చి "ఏం జరిగింది?" అని అడిగారు. అమ్మాయి జవాబు చెప్పకుండా పాప్‌కార్న్ తీసుకుంది.

కాలేజీ జట్లు మామూలుగా శుక్ర, శనివారాల్లో వరుసగా రెండు ఆటలు ఆడతాయి. శనివారం ఆటకు రమ్మని ఎవరూ మా ఆవిడను అడగవలసిన అవసరం రాలేదు. ఆ పగలు ఊరు చూశాము: 1904లో తొలి వృత్తి హాకీ లీగు ఇక్కడే మొదలైందని, దాని వెనుక గిబ్సన్ అనే పళ్ల డాక్టరు ఉన్నాడని డీ స్టేడియం అనే హాకీ హాలు దగ్గర అబ్బాయి చెప్పాడు. ఉత్తరంగా వెళితే రోడ్డు పక్కన 1978-79 శీతకాలపు 390.4 అంగుళాల మంచును చూపే నిలువెత్తు కొలబద్ద ఉంది. రెండూ పావుగంట పనులు. విద్యార్థులు ఫిబ్రవరి కార్నివాల్ కోసం చెక్కుతున్న మంచు బొమ్మల దగ్గర మాత్రం కాళ్లు తిమ్మిరెక్కేదాకా నిలబడవచ్చు.

వెళ్లదలచుకున్నవారికి నా సలహా ఇది. ఆట బాగా కనబడే సీటు కాకుండా బ్యాండుకు ఎదురుగా ఉండే సీటు అడగండి. మరీ పక్కనే కూర్చుంటే సూసాఫోన్ తప్ప మరేమీ వినబడదు. రెండో విరామంలో ఆకలి వేసినా, దాహం వేసినా, ఇంటి నుంచి ఫోను వచ్చినా లేవకండి. రెండు జతల మేజోళ్లు వేసుకోండి, చలి కింద నుంచి వస్తుంది. బసకు హాకీ వారాంతపు ధర ఎంతో ముందే ఫోను చేసి అడిగి, చెప్పినవారి పేరు రాసి పెట్టుకోండి.

మా పూచీ సొమ్ములో మిగిలిన 165 డాలర్లు పదమూడో రోజున అల్లుడుగారి ఖాతాలో పడ్డాయి. ఆ సాయంత్రమే మా ఆవిడ మార్చిలో ఆటలు ఏ తేదీల్లో ఉన్నాయో అబ్బాయిని ఫోనులో అడుగుతోంది. ఈసారి పులిహోర కాదట, దద్దోజనం. దాన్ని వేడి చేయనక్కరలేదు.