నేల ఉసిరి, పసుపు, అనాసపువ్వు: వైరస్‌ల మీద ఏది మేలు?

గుంటూరు, విజయవాడ ఇళ్లలో ఎవరికైనా కళ్లు పచ్చబడితే, రక్తపరీక్ష మాట ఎలా ఉన్నా, నేల ఉసిరి ఆకుమందు ఎక్కడ ఇస్తారన్న వాకబు ముందు మొదలవుతుంది. జలుబు, జ్వరమైతే పసుపు పాలు సరేసరి. వీటి పక్కన బిర్యానీలో వేసే అనాసపువ్వును కూడా పెట్టి, వైరస్‌ల మీద దేనికెంత బలముందో తూచి చూడవచ్చు.

మూడింటిలో ఎక్కువ ఆశ పుట్టించినది నేల ఉసిరి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బ్లూమ్‌బెర్గ్, మద్రాసు పరిశోధకుడు త్యాగరాజన్‌తో కలిసి 1988లో ప్రకటించిన అధ్యయనంలో, ముప్ఫై రోజులు ఈ మొక్క పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు కనబడలేదు; ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. అయితే తరువాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఈ ఫలితం నిలబడలేదు. మరి మన ఊళ్లలో ఆకుమందుకు ఇంత పేరెలా వచ్చిందంటే, కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, ఆ ఘనత ఆకు ఖాతాలో పడుతుంది.

దుగ్గిరాల పసుపు యార్డు ఉన్న ప్రాంతంవాళ్లకు ఈ మాట రుచించకపోవచ్చు గానీ, మందుగా పసుపుది బలహీనమైన పక్షమే. అందులోని కర్క్యుమిన్ గాజు గొట్టంలో అనేక వైరస్‌లను అడ్డుకుంటుంది, కానీ నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది అత్యల్పం. పైగా అది కనబడిన ప్రతి ప్రోటీన్‌కూ అతుక్కుని, తానే వెలుగునిచ్చి పరీక్షలను తప్పుదోవ పట్టిస్తుందని 2017లో రసాయన శాస్త్రవేత్తలు హెచ్చరించారు. మిరియాల సారం కలిపితే ఒంటికి ఎక్కువగా పడుతుంది; అయితే అటువంటి గుళికల వల్ల కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ నమోదయ్యాయి. కూరలో వేసే చిటికెడుతో ఆ భయం లేదు.

అనాసపువ్వు కథ వేరు. అందులోని షికిమిక్ ఆమ్లం నేరుగా వైరస్‌ను చంపదు. దానినే ముడిసరుకుగా తీసుకుని రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసిన ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందుకు 1999లో అమెరికాలో అనుమతి లభించింది. కణంలో కొత్తగా తయారైన వైరస్‌లు బయటపడకుండా ఆపే ఈ మందును జ్వరం మొదలైన 48 గంటల్లోపు ప్రారంభిస్తే, ఇన్‌ఫ్లుయెంజా దాదాపు ఒక రోజు ముందుగా తగ్గుతుంది. ఒక్క రోజేనా అనిపించినా, మూడింటిలో వైద్యుడు చీటీ మీద రాసేది ఇదొక్కటే, అదీ పువ్వుగా కాదు, గుళికగా.

కనుక ఇన్‌ఫ్లుయెంజాకు ఒసెల్టామివిర్ మేలు. కామెర్లకు మాత్రం ఆకు కంటే ముందు హెపటైటిస్ బి పరీక్ష మేలు, ఎందుకంటే ఆరు నెలలు దాటినా ఆ వైరస్ రక్తంలో మిగిలితే, అవసరమైన వారికి దానిని అణచి ఉంచడానికి టెనోఫోవిర్ వంటి మందులున్నాయి.