జాగ్రత్త: ‘లైట్‌వెయిట్ ట్రావెల్ రెగ్యులేటర్’ కొనేముందు ఇవి చూడండి

స్కూబా డైవింగ్‌లో సిలిండర్ గాలిని పీల్చుకోగల ఒత్తిడికి తగ్గించి నోటికి అందించే పరికరమే రెగ్యులేటర్. అండమాన్ డైవింగ్ సీజన్ దగ్గరపడితే చాలు, సెకండ్‌హ్యాండ్ గ్రూపుల్లోనూ ఆన్‌లైన్ షాపుల్లోనూ ‘ట్రావెల్ రెగ్యులేటర్, 800 గ్రాములే, ఈమధ్యే సర్వీస్ అయింది’ అనే ప్రకటనలు ఎక్కువవుతాయి. వాటిలో నిఖార్సైన సరుకు లేకపోలేదు. కానీ డబ్బు పోగొట్టుకున్నవాళ్లు తెచ్చే సెట్లు విప్పి చూస్తే మళ్లీ మళ్లీ అవే లోపాలు బయటపడుతున్నాయి. చెప్పిన బరువు ఉండదు, చెప్పిన కనెక్షన్ ఉండదు, చేశామన్న సర్వీస్ చేసి ఉండరు, మార్చాల్సిన పార్టులు దొరకవు. డబ్బు పంపాక అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. కాబట్టి చూడాల్సినవన్నీ కొనకముందే చూసుకోవాలి.

ముందు ఆ బరువు సంగతి. ప్రకటనలో వేసే అంకె చాలాసార్లు ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కు బిగించే భాగం), ఒక్క సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం) కలిపిన బరువు. అదీ డిన్ (సిలిండర్ వాల్వ్‌లోకి మరలు తిప్పి బిగించే రకం) మోడల్‌ది. నీళ్లలోకి దిగాలంటే దానికి ఆక్టోపస్ (అదనపు సెకండ్ స్టేజ్), ప్రెషర్ గేజ్, బీసీడీకి (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్) గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ హోస్ కూడా కావాలి. అన్నీ బిగించాక తూకం వేస్తే ‘800 గ్రాముల’ సెట్ రెండు కేజీల దగ్గరికి వస్తుంది. అదే ఫస్ట్ స్టేజ్‌లో యోక్ (వాల్వ్ చుట్టూ క్లాంపులా బిగించే రకం) మోడల్, డిన్ మోడల్ కంటే సుమారు 200 నుంచి 250 గ్రాములు ఎక్కువ తూగుతుంది. అందుకే అమ్మేవాళ్లను ‘బరువెంత’ అని ఊరికే అడగొద్దు. హోస్‌లన్నీ బిగించిన సెట్‌ను వంటింటి కాటా మీద పెట్టి, అంకె కనిపించేలా ఫొటో పంపమనండి. పంపలేనివాళ్ల దగ్గర కొనాల్సిన అవసరం లేదు.

తర్వాత కనెక్షన్. అండమాన్, నేత్రాణి, శ్రీలంక, థాయ్‌లాండ్ వైపు ఎక్కువగా కనిపించేవి అల్యూమినియం 80 సిలిండర్లు. అంటే 11.1 లీటర్ల సిలిండర్, 207 బార్, పైన యోక్ వాల్వ్. యూరప్‌లో డిన్ వాడకం ఎక్కువ. బరువు తగ్గుతుందని డిన్ కొని అండమాన్‌లోని హావ్‌లాక్ వెళ్తే రెండు దార్లున్నాయి. సిలిండర్ వాల్వ్ రెండు రకాలకూ పనికొచ్చేదైతే, లోపలి ఇన్సర్ట్‌ను డైవ్ సెంటర్ వాళ్లు అలెన్ కీతో విప్పిస్తారు, డిన్ నేరుగా పడుతుంది. కాకపోతే మీరే డిన్-యోక్ అడాప్టర్ పట్టుకెళ్లాలి. అది 200 గ్రాములు దాటుతుంది, అంటే డిన్‌తో మిగిలిన బరువంతా అక్కడే పోయింది. పైగా ఫస్ట్ స్టేజ్ వెనక్కి జరిగి తలకు తగులుతూ ఉంటుంది. వెళ్లేచోట వాల్వ్ ఏదో ముందే కనుక్కోండి. డిన్ అయితే ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) మీ రెగ్యులేటర్ మీదే ఉంటుంది, సైజు 112. యోక్ అయితే అది సిలిండర్ వాల్వ్‌లో ఉంటుంది, సైజు 014. రెండూ నాలుగేసి జేబులో ఉంటే పడవ మీద ఎవరినీ అడుక్కోనక్కర్లేదు.

ఫస్ట్ స్టేజ్ మీద చెక్కిన అక్షరాలు చదవడం అందరూ వదిలేసే పని. యూరప్ ప్రమాణం ఈఎన్ 250. దాని 2014 కూర్పు నుంచి ‘250ఏ’ అనే గుర్తు వచ్చింది. ఆ ‘ఏ’ ఉంటే, ఒకే ఫస్ట్ స్టేజ్ నుంచి ఇద్దరు ఒకేసారి గాలి పీల్చే పరిస్థితికి కూడా పరీక్షించారని అర్థం. అది లేని ఫస్ట్ స్టేజ్‌కు ఆక్టోపస్ తగిలించి, ‘బడ్డీకి (జతగా దిగిన డైవర్‌కు) గాలి అయిపోతే ఇస్తాను’ అనుకోవడం ఉత్త ధీమా. పక్కనే ‘10 డిగ్రీల కంటే ఎక్కువ’ అనే గుర్తు ఉండొచ్చు. తేలిక మోడళ్లలో ఇది మామూలే. అంటే చల్లని నీళ్లకు పనికిరాదని. లోహం తక్కువగా ఉన్న ఫస్ట్ స్టేజ్ చుట్టూ ఉన్న నీటి వేడిని త్వరగా లోపలికి తీసుకోలేదు. గాలి వ్యాకోచించేటప్పుడు పుట్టే చలికి లోపల మంచు కట్టి, వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది. 28 డిగ్రీల అండమాన్ నీళ్లలో ఈ గొడవ లేదు. అమెరికా చెరువుల్లోనో, బ్రిటన్ క్వారీల్లోనో దిగే మనవాళ్లు మాత్రం ఆ గుర్తు చూసి తీరాలి. సీఈ గుర్తు పక్కన నాలుగంకెల సంఖ్య కూడా ఉండాలి, అది తనిఖీ చేసిన సంస్థ కోడ్. ఉత్త సీఈ మాత్రమే ఉండి సంఖ్య లేకపోతే అనుమానించండి. సీరియల్ నంబరు గీకేసి ఉంటే ఇక మాటలు అనవసరం.

‘టైటానియం’ అన్న మాటకు చాలామంది పడిపోతారు. ప్రకటన శీర్షికలో టైటానియం అని ఉంటుంది, లోపల చూస్తే టైటానియం రంగు పూత వేసిన ఇత్తడి. అయస్కాంతంతో తేలుస్తామంటారు కొందరు. దాంతో ఏమీ తేలదు, ఎందుకంటే ఇత్తడీ అయస్కాంతానికి అంటదు, టైటానియమూ అంటదు. తేడా చెప్పేది బరువే. టైటానియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.5 గ్రాములు, ఇత్తడిది 8.5 వరకు. అదే సైజు ఇత్తడి ఫస్ట్ స్టేజ్ పక్కన పెట్టి చేతిలో ఎత్తి చూస్తేనే తెలిసిపోతుంది. నిజంగా టైటానియమే అయితే ఇంకో జాగ్రత్త: ఎక్కువ శాతం ఆక్సిజన్ తగిలితే ఆ లోహానికి మంటలంటుకునే గుణం ఉంది. ఆక్సిజన్ 40 శాతం దాటిన నైట్రాక్స్‌కు (ఆక్సిజన్ పెంచిన గాలికి) అది వద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి నిండు సిలిండర్, ఒక ఐపీ గేజ్ కావాలి. ఐపీ అంటే ఇంటర్మీడియట్ ప్రెషర్. సిలిండర్‌లోని 200 బార్‌ను ఫస్ట్ స్టేజ్ ఎంతకు తగ్గించి హోస్‌లోకి పంపుతుందో ఆ అంకె. ఐపీ గేజ్ ఖరీదైనదేమీ కాదు, ఇన్‌ఫ్లేటర్ హోస్ చివర క్లిక్ మని పడుతుంది. అమ్మేవాడి దగ్గర లేకపోతే డైవ్ సెంటర్‌లో అడగండి.

సిలిండర్ తగిలించకముందే ఫస్ట్ స్టేజ్ మూతి తిప్పి, మొబైల్ టార్చ్ వేసి లోపల ఫిల్టర్ చూడండి. ఇసుకరేణువులు అంటించినట్టు ఉండే చిన్న లోహపు బిళ్ల అది. వెండి రంగులోనో, ఇత్తడి రంగులోనో శుభ్రంగా ఉండాలి. పచ్చటి మరకలుంటే ఉప్పునీరు లోపలికి వెళ్లిందని, ఇత్తడికి చిలుము పట్టిందని అర్థం. ఎర్రటి పొడి కనిపిస్తే తుప్పు పట్టిన స్టీల్ సిలిండర్‌తో వాడారు. ‘కిందటి నెలే సర్వీస్ చేయించాను’ అన్న మనిషి రెగ్యులేటర్‌లో ఫిల్టర్ పచ్చగా ఉంటే ఆ మాట అబద్ధం, అంతే. సర్వీస్‌లో మొట్టమొదట మార్చేది ఆ ఫిల్టర్‌నే.

తర్వాత సిలిండర్ లేకుండానే, డస్ట్ క్యాప్ బిగించి, రెండు సెకండ్ స్టేజ్‌లనూ ఒక్కొక్కటిగా నోట్లో పెట్టుకుని పీల్చండి. గాలి రాకూడదు. సన్నగా వస్తోందంటే డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగింది, లేదా ఎగ్జాస్ట్ వాల్వ్ (వదిలిన గాలి బయటికి పోయే వాల్వ్) మడతపడింది, లేదా కేసులో పగులుంది. నీళ్లలో అక్కడినుంచే ఉప్పునీరు నోట్లోకి వస్తుంది.

ఇక ఐపీ గేజ్ బిగించి, ప్రెషర్ గేజ్ ముఖం మనుషుల వైపు కాకుండా అవతలికి తిప్పి, వాల్వ్ నెమ్మదిగా తెరవండి. ఐపీ చాలా మోడళ్లకు 9 నుంచి 10 బార్ మధ్య ఉంటుంది, కచ్చితమైన హద్దు ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కి వదలండి. ముల్లు కొంచెం పడి, టక్కున పాత అంకెకు చేరి అక్కడే ఆగాలి. ఇలా పది, పదిహేనుసార్లు చేశాక చెయ్యి తీసేసి ఐదు నిమిషాలు ముల్లు చూస్తూ ఉండండి. తొందరపడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అరిగిన హై ప్రెషర్ సీట్ (ఫస్ట్ స్టేజ్ వాల్వ్‌ను మూసే బిళ్ల) ఉంటే ముల్లు మొదట 9.5 దగ్గర ఆగినట్టే ఆగి, తర్వాత 10, 10.5, 11 అని మెల్లగా పైకి పాకుతుంది. మొదటి అర నిమిషంలో ఇది కనిపించదు. సీట్ మీద గీత పడటమో, చిలుము రేణువు ఇరుక్కోవడమో దీనికి కారణం. పాకిన ప్రెషర్ సెకండ్ స్టేజ్ స్ప్రింగ్‌ను మించిందంటే వాల్వ్ తనంతట తానే తెరుచుకుని గాలి బుసబుసా పోతుంది. ఆక్టోపస్ నుంచి ఉన్నట్టుండి బుడగలొచ్చే జబ్బుకు మూలం చాలాసార్లు ఆక్టోపస్‌లో కాదు, ఇక్కడే.

‘బ్యాలెన్స్‌డ్’ (సిలిండర్ ప్రెషర్ తగ్గినా ఐపీ మారని రకం) అని రాసిందా? అదీ ఇదే గేజ్‌తో తేలుతుంది. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు ఐపీ ఎంతో రాసుకోండి. 50 బార్ ఉన్న ఇంకో సిలిండర్‌కు తగిలించి మళ్లీ చూడండి. బ్యాలెన్స్‌డ్ అయితే రెండంకెలూ దాదాపు ఒకటే. ఒక బార్‌కు పైగా తగ్గితే అది మామూలు అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్. అన్‌బ్యాలెన్స్‌డ్ అంటే చెడ్డదని కాదు. స్కూబాప్రో ఎంకే2 ఆ రకమే, డైవ్ సెంటర్లలో రోజూ అద్దెకు తిరుగుతుంది, తేలిక, సర్వీస్ సులువు. 18 మీటర్ల సరదా డైవ్‌లకు దానితో ఇబ్బంది లేదు. అన్‌బ్యాలెన్స్‌డ్‌ను బ్యాలెన్స్‌డ్ ధరకు అంటగట్టడమే మోసం.

సెకండ్ స్టేజ్ మరీ చిన్నదైతే లోపలి డయాఫ్రమ్ కూడా చిన్నదే. వైశాల్యం తగ్గిన కొద్దీ వాల్వ్‌ను తెరిచే లివర్‌ను నొక్కే బలం తగ్గుతుంది, కాబట్టి ట్యూనింగ్ సరిగ్గా కుదరాలి. ప్రెషర్ ఉండగా మౌత్‌పీస్ పైకి ఉండేలా పట్టుకుని బకెట్ నీళ్లలోకి మెల్లగా దించండి. కొన్ని సెంటీమీటర్లు దిగేసరికి గాలి బుస్సుమనాలి. పూర్తిగా ముంచినా రాకపోతే పీల్చడానికి బరువుగా ఉంటుంది. నీటిని తాకీ తాకకముందే వస్తే చీటికీమాటికీ ఫ్రీ ఫ్లో అవుతుంది, అంటే గాలి దానంతట అదే పోతూ ఉంటుంది.

ఫస్ట్ స్టేజ్ మీద పోర్టులు (హోస్‌లు బిగించే రంధ్రాలు) లెక్కపెట్టండి. కనీసం నాలుగు లో ప్రెషర్, ఒక హై ప్రెషర్ ఉండాలి. కొన్ని తేలిక మోడళ్లలో లో ప్రెషర్ పోర్టులు మూడే ఉంటాయి. రెండు సెకండ్ స్టేజ్‌లకు, ఇన్‌ఫ్లేటర్‌కు సరిపోతాయి, తర్వాత డ్రైసూట్ (చల్లని నీళ్లలో ఒళ్లు తడవకుండా వేసుకునే సూట్) కొంటే దానికి చోటుండదు. ఇన్‌ఫ్లేటర్ హోస్ కప్లింగ్ మామూలు సైజుదేనా చూడండి. ఆక్టోపస్, ఇన్‌ఫ్లేటర్ కలిసి వచ్చే రకానికి పెద్ద కప్లింగ్ ఉంటుంది, అద్దె బీసీడీకి అది పట్టదు.

బరువు తగ్గించాలని అల్లిక హోస్‌లు వేసిన సెట్లు ఎక్కువగా వస్తున్నాయి. వంగుతాయి, చుట్టుకుంటాయి, బాగానే ఉంటాయి. కానీ కొన్ని రకాల్లో లోపలి ప్లాస్టిక్ పొర వేడికీ తేమకూ విచ్ఛిన్నమై, పసుపు స్ఫటికాల్లా పేరుకుని గాలి దారినే మూసేసిన ఉదంతాలను డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ బయటపెట్టింది. పైకి ఏమీ కనిపించదు. మన ఎండలకు డాబా మీద, కారు డిక్కీలో ఉంచిన సెట్ అయితే మరీ ప్రమాదం. సెకండ్‌హ్యాండ్ సెట్‌లో అల్లిక హోస్ తయారీ తేదీ తెలియకపోతే దాన్ని పారేసి కొత్తది వేయించే ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

ఇంకో రకం ఇంతకంటే ఘోరం. చేతిపంపుతో నింపే అర లీటరు సిలిండర్‌తో వచ్చే చిన్న రెగ్యులేటర్‌ను విడిగా ‘ట్రావెల్ స్కూబా రెగ్యులేటర్’ అని అమ్ముతున్నారు. దానికి ఆక్టోపస్ పోర్టు ఉండదు, ఇన్‌ఫ్లేటర్ పోర్టు ఉండదు. అర లీటరు, 200 బార్ అంటే మొత్తం వంద లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున ఐదు నిమిషాలు, 10 మీటర్ల లోతున రెండున్నర. దాన్ని డైవింగ్ సరుకుగా లెక్కేయొద్దు.

సర్వీస్ కిట్ ఆ మోడల్‌కు ఇప్పటికీ వస్తోందా అని కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు మోడల్ పేరు, సీరియల్ నంబరు పంపి అడగండి. ఆపేసిన మోడళ్లు చవగ్గా రావడానికి అసలు కారణం ఇదే. ఏడాదికో రెండేళ్లకో సీట్లు, ఓ-రింగులు, ఫిల్టర్ మార్చాలి. కిట్ దొరకకపోతే అది ఎంత చవకైనా బరువే. విదేశం నుంచి తెప్పిస్తే వారంటీ ఇక్కడ చెల్లుతుందా అనేది కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

నిజంగా బరువే సమస్యయితే, దేశీయ విమానంలో 15 కేజీల చెక్-ఇన్, 7 కేజీల క్యాబిన్ మధ్య సర్దుకోవాల్సిందే కాబట్టి, ఉన్న మంచి ఇత్తడి రెగ్యులేటర్‌నే తేలిక చేయొచ్చు. మూడు గేజ్‌ల కన్సోల్ తీసి ఒక్క చిన్న ప్రెషర్ గేజ్ వేయండి, లోతు ఎలాగూ చేతికున్న కంప్యూటర్ చూపిస్తుంది. వెళ్లేచోట డిన్ నేరుగా పడుతుందంటే, చాలా మోడళ్లకు యోక్ తీసి డిన్ వేసే కిట్ దొరుకుతుంది, ఆ పని టెక్నీషియన్‌తోనే చేయించండి. బరువైన ఫిన్స్ బదులు పొట్టి రబ్బరు ఫిన్స్ తీసుకోండి. కొత్త రెగ్యులేటర్‌తో మిగిలేదానికంటే ఎక్కువే ఇక్కడ మిగులుతుంది.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు ఇంట్లో విప్పకండి. విప్పితే అమ్మినవాడు నెపం మీమీదే వేస్తాడు. ఐపీ పాకడం వీడియో తీయండి, గేజ్‌తో పాటు సీరియల్ నంబరూ ఒకే షాట్‌లో పడాలి. ఫిల్టర్ ఫొటో తీయండి. ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు దగ్గర పెట్టుకోండి. ఆన్‌లైన్ షాపులో కొన్నదైతే రిటర్న్ గడువు ముగియకముందే ఫిర్యాదు పెట్టి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇది తేలేదాకా ఆ సెట్‌ను ‘స్పేర్’ అని ఎవరికీ ఇవ్వకండి, స్విమ్మింగ్ పూల్‌లో సరదాకు కూడా.