ములికికి వేడి జిగురా, ఎపాక్సీనా?

చెక్క బాణాలకు ములికిని, అంటే కొసన ఉండే లోహపు మొనను, అతికించడానికి నా ఓటు వేడి జిగురుకే. కర్ర కొసను 5 డిగ్రీల కోణంలో చెక్కి, కడ్డీ జిగురును కరిగించి పూస్తాను. ములికిని పటకారుతో పట్టుకుని వేడిచేసి, తిప్పుతూ ఎక్కిస్తే అంచు చుట్టూ సన్నని జిగురు వలయం ఉబికి వస్తుంది. అది చూశాకే నాకు నిశ్చింత. ములికి వంకరగా కూర్చుంటే మళ్లీ వేడిచేసి సరిదిద్దుకోవచ్చు. కర్రను మాత్రం మాడనివ్వకండి, మాడిన చెక్క పెళుసుబారి అక్కడే విరుగుతుంది.

ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పూసే జిగురు) పట్టు ఇంకా గట్టిది, ఎండకు అంత సులువుగా మెత్తబడదు. కానీ పూర్తిగా గట్టిపడటానికి సాధారణంగా ఒక రోజు పడుతుంది, ఆపై సవరణ కష్టం.

ఏది వాడినా ముందు ములికి లోపలి నూనె జిడ్డును స్పిరిట్‌తో తుడవండి. అది పూర్తిగా ఆరాకే మంట వెలిగించండి.